రేకులు మింగిన దోనె

మా డుంబ్రిగుడ కొండల్లో ఇప్పటిదాకా ఉడికిన చేపల కూరలన్నిటిలోకీ ఖరీదైనది ఏ లాడ్జీలోనో, ఏ పెళ్ళి విందులోనో ఉడికి ఉంటుందని మీరు అనుకుంటున్నారేమో. కాదు. అది మా వంటింట్లో, గడ్డి కప్పు కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద ఉడికింది. వండింది నేను. ఆ చేపను పట్టిందీ నేనే. సొంతంగా పట్టుకున్న చేపకు ఖరీదేమిటని అడుగుతున్నారా. ఆ సర్వనాశనమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వాలనుకున్నవారు సర్దుకుని కూర్చోండి. జాలిపడేవారు మాత్రం ఆ జాలిని నా మీద ఖర్చు చేయకండి, మా ఆయన కోసం దాచి ఉంచండి.

నేను బడి గుమ్మం తొక్కినదాన్ని కాదు. మా నాన్న చేటలో చోళ్ళు, అదే రాగులు, పరిచి, నా వేలు పట్టుకుని వాటిలో అక్షరాలు దిద్దించాడు. చదవడం, రాయడం, ప్రార్థన చేసుకోవడం మూడూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఈనాటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. లెక్కల దగ్గరికి వచ్చేసరికి కాఫీ పళ్ళు కోతకు వచ్చాయి, ఆయన తోటకు వెళ్ళిపోయాడు. నా జీవితంలో జరిగిన పొరపాట్లన్నీ ఆ ఏడు కాఫీ బాగా కాయడం వల్ల జరిగినవే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మా ఇంటి మీద గడ్డి కప్పు. వానాకాలంలో మంచం ఏ మూలకు జరిపినా వాన వెతుక్కుంటూ అక్కడికే వచ్చేది, బంధువు ఇల్లు అడుగుతూ వచ్చినట్టు. రెండేళ్ళ కాఫీ డబ్బు, మిరియాల డబ్బు కూడబెట్టి, పన్నెండు రేకులకు సరిపడా సొమ్ము ట్రంకుపెట్టెలో దాచాం. మా ఆయనకు ఆ రేకులు అప్పటికే కొన్నట్టే లెక్క. పొద్దున్నే లేచి గడ్డి కప్పు వైపు చూసి, “ఈ వానలకి నీ పని అయిపోనాది,” అని దానితో చెప్పేవాడు.

మా ఊరికి దిగువన గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా కట్టిన చిన్న రిజర్వాయరు ఉంది. వానలు వెనకపట్టాక ఒక రోజు అక్కడ బట్టలు ఉతుకుతున్నాను. విశాఖపట్నం నుంచి ఎవరో ఆఫీసరు జీపు మీద పసుపు రంగు ప్లాస్టిక్ పడవ కట్టుకుని వచ్చాడు. పొట్లకాయను నిలువునా చీల్చి గింజలు తీసేసినట్టుంది అది. అందులో ఒక్కడే కూర్చుని, రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో నీళ్ళ నడిమికి వెళ్ళి, గాలం వేసి కూర్చున్నాడు. నేను ఒక మూట బట్టలు ఉతికి, ఆరేసి, మడిచేదాకా ఆయన కదలలేదు, మాట్లాడలేదు. చివరికి ఒడ్డుకు వచ్చాక ఉండబట్టలేక అడిగాను.

“దీన్నేటంటారు బాబూ?”

“కాయక్ అంటారమ్మా. ఒక్కరికే చోటు.”

“మరి మీ ఆవిడో?”

“ఆవిడ ఎక్కదు. అందుకేగా కొన్నాను.”

ఆ మాట నా గుండెల్లో దిగిపోయింది. కోడి కూసింది మొదలు దీపం ఆరేదాకా మా ఇంట్లో కరుణా అనే పేరు మూడు వందలసార్లు వినిపిస్తుంది. కరుణా ఉప్పేది, కరుణా తాడేది, కరుణా మేకేది. ప్రార్థనకు మోకరిస్తే చాలు, ఏదో ఒక వస్తువు కనిపించకుండా పోతుంది. అలాంటిది, నీళ్ళ నడుమ ఒక్కదాన్నే కూర్చుంటే ఎంత నిమ్మళంగా ప్రార్థన చేసుకోవచ్చు. ఆ ప్రార్థన మధ్యలో ఒక చేప కూడా పడితే దేవుడు వద్దంటాడా. ఆ పడవ ధర ఎంతని అడిగాను. ఆయన చెప్పాడు. మా ఇల్లు, తోట, మేకలు, వాటితోపాటు మా ఆయనను కలిపి అమ్మినా దాని తెడ్డులో సగమే వస్తుంది.

అయినా దోనె చేసే మనిషి మా పక్క ఊళ్ళోనే ఉండగా ప్లాస్టిక్ దేనికి. ఆ సాయంత్రం అంబలి పోస్తూ మెల్లగా మొదలుపెట్టాను.

“మావా, వారం వారం సంతలోన చేపలకి ఎంత పోత్తన్నాది?”

“నాకేటి తెలుసు. తినీవోడిని, కొనీవోడిని కాదు.”

“మన చేపలు మనమే పట్టుకుంటే ఆ డబ్బు మిగులుతాది కదా. ఏడాది తిరక్కుండా పదమూడో రేకు వచ్చేత్తాది.”

“పన్నెండు సాలవేటి?”

“పదమూడోది వంటింటి ముందర చూరుకి. నువ్వు కూకుని చుట్ట కాల్సుకోడానికి.”

మా ఆయన చాలాసేపు ఆ లేని చూరు కింద కూర్చున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. “సరే గానీ,” అన్నాడు, “రెండున్నర రేకులు దాటకూడదు.” అలా మా ఇంట్లో రూపాయి చెలామణీ ఆగిపోయి రేకు చెలామణీలోకి వచ్చింది. ఏ ఖర్చయినా రేకుల్లోనే చెప్పుకునేవాళ్ళం.

దోనెలు చేసే సోంబ్రు తాత దగ్గరికి వెళ్ళాను. ఎండిన మామిడి మాను మీద కూర్చుని ఉన్నాడు.

“ఎంతమంది ఎక్కీది?” అన్నాడు.

“ఒక్కరే తాతా.”

“ఒక్క మనిసి పట్టీది సవం పెట్టె గానీ దోనె కాదు గుంటా. మీ సంఘంలోన ఎవులు పోనారేటి?”

“పోలేదు తాతా. బతికున్న మనిషికే. నాకే.”

ఆయన నన్ను కాళ్ళ నుంచి తల దాకా కొలిచి చూశాడు. “బతికున్నోల్లు కదుల్తారు. దానికి కొలత ఏరే,” అన్నాడు. “డబ్బులు ముందిచ్చీ. నీళ్ళలోకి దిగినాక నువ్వెక్కడుంతావో.”

దోనె తయారైన రోజు ఊరంతా రిజర్వాయరు గట్టు మీద చేరింది. నేను చీర కింద మా ఆయన పాత ప్యాంటు వేసుకుని, కొంగు బిగించి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి కూర్చున్నాను. దోనె ఒకసారి ఎడమకు వంగి నన్ను చూసింది. మరోసారి కుడికి వంగి చూసింది. నచ్చలేదు కాబోలు, దింపేసింది. నడుం లోతు నీళ్ళే, కానీ నేను మునిగిన తీరు చూస్తే సముద్రం అనుకోవాలి.

గట్టు మీద నుంచి మా సుగుణ వదిన గొంతు అందరికంటే ముందు వినిపించింది. ఆవిడ మా ఆయనకు అక్క, మా పక్కింట్లోనే ఉంటుంది.

“ఒలే కరుణా, మల్లీ బాప్తిస్మం తీసుకుంటన్నావేటే? ఒకపాలి అయిపోనాది కదా.”

సోంబ్రు తాత నెమ్మదిగా వచ్చి దోనెను తిరగేశాడు. “పక్కన వెదురు బొంగులు కట్టాల. అప్పుడు పడదు.”

“ఆ మాట ముందే సెప్పకపోయావా తాతా?”

“నువ్వు బతికున్న మనిసి అన్నావు. ఎంత కదుల్తావో సెప్పనేదు కదా.”

వెదుళ్ళకీ, కట్టిన కూలికీ పావు రేకు. తరువాత మా ఆయన తానే వచ్చి, నేను మునిగిపోతే రేకులు ఎవరి కోసమని, లారీ ట్యూబు ఒకటి కొని తెచ్చాడు. అది నడుముకు తగిలించుకుంటే గాలం పట్టుకునే చెయ్యి నీళ్ళకు అందదు. ట్యూబు అర రేకు. వెదురు గాలం చాలదని, పెద్ద చేప లాగితే తెగుతుందని, ఆ ఆఫీసరు మళ్ళీ వచ్చినప్పుడు తాను పారేయబోతున్న చక్రం గాలాన్ని నాకు దయతో అమ్మాడు. దయ ఒక రేకు. దానికి తగిన దారం, కొక్కేలు విశాఖపట్నం నుంచి రావాలి, ఇంకో అర రేకు. ఎరకు వానపాములు ఊరికే దొరుకుతాయి కదా అంటారు మీరు. నేనూ అదే అన్నాను. కానీ వదిన ఎవరో చెప్పగా విని, వేరుశెనగ చెక్కలో నెయ్యి కలిపి ముద్ద చేస్తే చేపలు వరస కట్టి వస్తాయని చెప్పింది. మేము అంబలి తాగుతుంటే రిజర్వాయరులో చేపలు నేతి ముద్దలు తిన్నాయి. వరస కట్టి వచ్చిన మాట నిజమే. ముద్ద తిని, కొక్కేన్ని శుభ్రంగా తుడిచి వదిలి, వచ్చిన దారినే వెళ్ళిపోయేవి.

ఇంకొక తప్పు కూడా చెప్పాలి, అసలు తప్పుకు అదే పునాది. దోనె నన్ను పడేయడం మానేసిన మొదటి ఆదివారం, గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. నీళ్ళ మీద ఒక్కదాన్నే కూర్చుని ప్రార్థన చేసుకునే భాగ్యం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాను. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. గుండె నిండి ఉంది, నోరు ఆగలేదు.

“ఈ దోనెలో పడే మొట్టమొదటి చేప పంటల పండుగకు ప్రథమ ఫలంగా సమర్పిస్తాను,” అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. నా మనసులో లెక్క ఏమిటంటే, మొదటిది దేవునిది, ఆ తరువాత పడే నూరూ మావి. లెక్కలు రానివాళ్ళు పెద్ద పెద్ద అంకెలకు భయపడరు.

కార్తీకం పోయింది, చలి వచ్చింది, పొగమంచు కమ్మిన పొద్దుటిపూటల్లో నేనూ నా దోనె నీళ్ళ మీద ఉండేవాళ్ళం. ప్రార్థన బ్రహ్మాండంగా సాగేది. చేప మాత్రం లేదు. నిజం చెప్పాలంటే నాకు పెద్దగా దిగులు కూడా లేదు. కొండ మీద వలిసె పూల పసుపు నీళ్ళలో కదులుతుంటే, నా పేరు పిలిచే మనిషి అర మైలు దూరంలో ఉంటే, అంతకంటే ఏం కావాలి. కానీ ఇంటికి వెళితే ట్రంకుపెట్టె ఉంది. పన్నెండు రేకులు ఏడుకు దిగాయి.

పంటల పండుగ రెండు వారాలు ఉందనగా మా ఆయన పెట్టె తెరిచి, మూసి, నా ఎదురుగా కూర్చున్నాడు.

“కరుణా, ఇలాగైతే మనం ఈ వానలకి దోనె బోర్లించుకుని దాని కింద పడుకోవాల.”

“ఒక్కరికే చోటు మావా,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “ఇంకొక్క రూపాయి దాని మీద పెట్టొద్దు. పండగ రోజు సాయంత్రానికి ఈ దోనె మన ఇంట్లోన ఒక్కపూట కూర పెట్టాల. పెట్టకపోతే అమ్మీసి రేకులు కొనీద్దుం.”

“పెడితే?”

“పెడితే ఉంచుకో. మరి దాని మాటెత్తను.”

నాకు ఆ దోనె పోతుందంటే చెయ్యో కాలో పోతుందన్నట్టు అనిపించింది. పన్నెండు రోజులు గాలం వేసి కూర్చున్నాను. ఆ పన్నెండు రోజులూ ప్రార్థనలో చేపల ప్రసక్తి కొంచెం ఎక్కువైందని ఒప్పుకుంటాను.

పండుగ ఆదివారం. శనివారం పొద్దున దారం ఒక్కసారి బిగిసింది. దోనె ముందుకు నడిచింది, నేను తెడ్డు వేయకుండానే. వెదురు బొంగులు కిర్రుమన్నాయి. ఎంతసేపు లాగానో తెలియదు, చివరికి నా కాళ్ళ దగ్గర మోచేతి పొడవు కొరమేను కొట్టుకుంటోంది. పాము తలలాంటి తల, నల్లటి నిగనిగలాడే ఒళ్ళు. అలాగే నీళ్ళ మీద కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకుని స్తోత్రం చెప్పుకున్నాను. ట్యూబు అడ్డం వచ్చింది కానీ తల వంచగలిగినంత వంచాను.

సిలవరు దేక్సాలో నీళ్ళు పోసి, దాన్ని బతికుండగానే ఇంటికి తెచ్చాను. మా ఆయన తొంగి చూశాడు. నెలల తరువాత ఆయన ముఖంలో నవ్వు చూశాను.

“పెట్టినాది,” అన్నాడు. “నీ దోనె కూర పెట్టినాది.” కారం నూరమని చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాడు. “మరి... మొదటిది దేవుడిదన్నావు కదా.”

నేను దేక్సా పక్కన కూలబడ్డాను. ఆ మాట నేను మరిచిపోయానంటే మీరు నమ్మరు, కానీ చేప బరువుకు మనిషికి చాలా విషయాలు గుర్తుండవు. వెంటనే వెనక్కి పరిగెత్తాను, రెండోది పట్టడానికి. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. కప్ప ఒకటి నా మీద జాలిపడి దోనె ఎక్కింది. అంతే.

అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మా పంటల పండుగ సంగతి తెలియనివారికి చెబుతాను. ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వారు గుడికి తెస్తారు. రాజ్మా, చోళ్ళు, అల్లం, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని గుడి ముందు వేలం వేస్తారు, వచ్చిన డబ్బు సంఘానికి. ఇచ్చినవాళ్ళు కొనకూడదని ఎక్కడా లేదు. కొరమేనును దేవునికి ఇస్తాను, వేలంలో కొంటాను, పండుగ సాయంత్రం వండుతాను. దేవుని మాట దేవునికి, మావ మాట మావకు దక్కుతుంది, దోనె నాకు దక్కుతుంది. కానీ రూపాయి పెట్టొద్దన్నాడుగా, ఆయన ముందు నేను పాడలేను. కంచె దగ్గరికి వెళ్ళి వదినను పిలిచాను.

వదిన గురించి ఒక మాట. ఆవిడకు ఒక పని అప్పగిస్తే అది అయ్యేదాకా నిద్రపోదు. ఒకసారి మా మేక తప్పిపోతే వెతికి పెట్టమన్నాను. రెండు మేకలతో వచ్చింది.

“రేపు వేలంలోన నా కొరమేను నువ్వు పాడి నాకు కొని పెట్టాల వదినా. డబ్బులు నావే. గుడ్లమ్మినవి ఉన్నాయి.”

“ఎంత దాకా పాడమంటావు?”

ఇదిగో, నా బుద్ధి గడ్డి తిన్న చోటు ఇదే. సంతలో అంత కొరమేను పావు రేకు చేస్తుంది. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

“ఎంతైనా వదలకు,” అన్నాను.

“ఎంతైనా?”

“ఎంతైనా. మావకి మాత్రం తెలీనీకు.”

“మరి సూసుకో,” అంది వదిన, కొంగు బిగిస్తూ.

ఆదివారం ఆరాధన బాగా జరిగింది. నా దేక్సాను బల్ల ముందు పెట్టి, తల వంచి, వెనక్కి వచ్చి ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్నాను. బయట వేలం మొదలైంది. సంఘపెద్ద జోగన్న పాట పెట్టేవాడు. మొదట ఒక గుమ్మడికాయ. కొన్న మనిషి సంతోషంతో మళ్ళీ దేవునికే అన్నాడు, దాన్ని మళ్ళీ పాడారు. రెండోసారి కొన్నవాడూ అదే మాట అన్నాడు. అలా ఆ గుమ్మడికాయ మూడు చేతులు మారి మూడు రెట్లు డబ్బు తెచ్చింది. మాలో అది మామూలే. కొన్నదాన్ని తిరిగి ఇవ్వడం పెద్ద మనసుకు గుర్తు. పాస్టరుగారి ముఖం దీపంలా వెలుగుతోంది.

జోగన్న దేక్సా పైకెత్తాడు. “కొరమేను. పాణంతోటి ఉన్నాది. కరుణమ్మ దోనెలోన పడ్డ మొదటిది. పాట ఇరవై.”

“ముప్పై,” అంది వదిన.

“నలబై,” అంది మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు.

ఆ గొంతు నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఉప్పేదని అడుగుతున్న గొంతు అది. మెడ చాచి చూశాను. మా ఆయన గుంజకు ఆనుకుని కూర్చుని, నా వైపు చూడకుండా, దొంగతనం చేస్తున్నవాడిలా చెయ్యి సగం ఎత్తి ఉంచాడు.

“అరవై,” అంది వదిన.

“అప్పా, కొరమేను తింటే నీకు దద్దుర్లొత్తాయి కదా,” అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. తగ్గించినా అందరికీ వినిపించింది.

“నా దద్దుర్లు నా ఇష్టం. పాట కాడ అప్పేటి, తమ్ముడేటి. ఎనబై.”

“వంద.”

నేను వదిన వైపు చూసి తల అడ్డంగా ఆడించాను. ఆవిడ నా వైపు చూసి, భయపడకు, నేనున్నాను అన్నట్టు తల నిలువుగా ఆడించింది. కొంగు లాగాను. చెయ్యి తట్టి ధైర్యం చెప్పింది. పైకి చెబుదామంటే ఎదురుగా పాస్టరుగారు. దేవుని పాట తగ్గించమని దేవుని ఇంటి ముందు ఎలా అరవను. పైగా అరిస్తే నా గుట్టు మా ఆయనకు తెలిసిపోతుంది. దగ్గాను. పక్కన కూర్చున్న ఆవిడ నీళ్ళు ఇచ్చింది.

“నూట ఏబై.”

“రెండొందలు.”

జనం పల్లీలు తినడం ఆపేశారు. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఒక చేప కోసం ఇలా పాడుకోవడం మా సంఘంలో ఎవరూ ఎరగరు. పాస్టరుగారు లేచి, “ఒకే కుటుంబంలో దేవుని కొరకు ఇంత పోటీ చూడటం నా పరిచర్యలో ఇదే మొదలు,” అన్నారు. అది విని అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఇంకొంచెం నిటారుగా కూర్చున్నారు.

“రెండొందల ఏబై,” అంది వదిన.

“మూడొందలు,” అన్నాడు మా ఆయన.

అప్పట్లో రేకు రెండు వందల ముప్పై దాకా ఉండేది. వదిన నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కొరమేనుకు తన గురించి ఇంత గొడవ జరగడం నచ్చలేదేమో, దేక్సాలోంచి ఎగిరి వదిన ఒళ్ళో పడింది. ఆవిడ, “బాబోయ్, నా దద్దుర్లు,” అని లేచి చీర దులుపుకుంటుండగా జోగన్న ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేశాడు.

నేను గుండె మీద చెయ్యి వేసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. పోతే పోయింది రేకుంబావు. కొన్నది మా ఆయనే. ఎందుకు కొన్నాడో తరువాత అడుగుతాను. సాయంత్రం కూర ఉడుకుతుంది, దోనె నాదవుతుంది. వదినకు ఇక పని లేదు.

పాస్టరుగారు చేప ఉన్న దేక్సాను మా ఆయన చేతికి ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించారు. తరువాత ఆ చెయ్యి తీయకుండానే, చాలా మెత్తగా, “కొందరు సంతోషంతో తిరిగి సమర్పిస్తారు. బలవంతం ఏమీ లేదు,” అన్నారు. అని, ఆయన కళ్ళలోకి రెప్ప వేయకుండా చూశారు.

మా ఆయన దేక్సా వైపు చూశాడు. జనం వైపు చూశాడు. గుమ్మడికాయను తిరిగి ఇచ్చిన ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఆయననే చూస్తున్నారు.

“మల్లీ దేవుడికే,” అన్నాడు మా ఆయన.

చప్పట్లు కొండకు తగిలి వెనక్కి వచ్చాయి. జోగన్న దేక్సా మళ్ళీ ఎత్తి, “పాట ఇరవై,” అనేలోపే, ఒంటికి ఎక్కడ దద్దుర్లు లేస్తున్నాయో వెతుక్కుంటున్న వదిన తల ఎత్తింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఆ చెయ్యిని ప్రేమగా నొక్కి, రెండో చెయ్యి ఎత్తింది.

“నాలుగొందలు.”

ఇరవై నుంచి మొదలుపెట్టాలని చెప్పబోయిన జోగన్న, ఆ అంకె విని, నాలుగు వందల పాటే అందుకున్నాడు. మగవాళ్ళ వైపు చూశాను. మా ఆయన గుంజకు ఇంకొంచెం ఆనుకుని, ఆకాశం వైపు చూస్తున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. వదినకు తిరిగి ఇచ్చే ఆలోచన కలలో కూడా రాలేదు. పాస్టరుగారు ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తేసరికి ఆవిడ దేక్సా చంకలో పెట్టుకుని గేటు దాటింది.

మేము ఇంటికి చేరేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ముఖమంతా విజయంతో, మెడంతా దద్దుర్లతో.

“ఇదుగో నీ కొరమేను. ఎంతైనా వదలొద్దన్నావు. వదల్నేదు. నాలుగొందలు బేగి సద్దీ, ఆదివారం లోపు కట్టాలట.”

మా ఆయన నా వెనకే ఉన్నాడు. “నువ్వెందుకు సద్దాలి?” అన్నాడు నాతో. తరువాత వదినను చూశాడు, దేక్సాను చూశాడు, నన్ను చూశాడు. “ఏటి, అప్ప సేత పాడించింది నువ్వా?”

“మరి నువ్వెందుకు పాడావు మావా? రూపాయి పెట్టొద్దని నువ్వే కదా అన్నావు.”

ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు. “నిన్న ఆ దోనెలోన పొద్దు వాలీదాకా కూకుని, ఉత్త సేతులతోటి వచ్చినావు కదా. ఆ మొగం నాను సూడనేకపోనాను. ఈ సేప కొని కూర వండిచ్చీసి, దోనె నీకే ఉంచీద్దుమనుకున్నాను.”

“మరి కొన్నదాన్ని మళ్ళీ ఎందుకిచ్చీసావు?”

“అయ్యగారు అలాగ సూత్తంటే ఏటి సెయ్యను. రెండోపాలి ముప్పైకో నలబైకో పోతాది, నానే పాడుకుందునులే అనుకున్నాను. ఈ అప్ప నాలుగొందల కాడ మొదలెట్టినాది.”

“బేగి తెమిల్తాదని,” అంది వదిన.

ముగ్గురం దేక్సాలోకి తొంగి చూశాం. కొరమేను కూడా మా ముగ్గురినీ చూసింది. మొదట నవ్వింది మా ఆయనే. ఆయన నవ్వు చూసి నేను, నన్ను చూసి వదిన. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నావి కొన్ని ఆ తరువాత కూడా వచ్చాయి.

మూడు వందలూ నాలుగు వందలూ కలిపితే ఎంతో నాకు ఆ రోజు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. నా దోనెలో నేను పట్టి, నా చేతులతో నేను ఇచ్చిన చేపకు మేము మూడు రేకులు బాకీ. గుడ్ల డబ్బు అందులో ఏ మూలకూ చాలదు. పెట్టెలో ఉన్న ఏడు రేకుల్లోంచి తీస్తే ఈ వానలకు మంచం మీద కూడా కప్పు ఉండదు. దేవునికి చెల్లించాల్సింది వాయిదా వేయడం మా ఇంటావంటా లేదు.

చింతపండు పులుసు పెట్టి, కొత్తిమీర వేసి దించాను. మా ఆయన తల ముక్క నా పళ్ళెంలో వేశాడు. వదిన దద్దుర్లకు భయపడి వాసన మాత్రమే చూసి, బాగుందంది.

“దోనె కూర పెట్టినాది,” అన్నాడు మా ఆయన, చెయ్యి కడుక్కుంటూ. “నానన్న మాట నానే తప్పను. దోనె నీదే.”

“నాదే కదా మావా,” అన్నాను. “కాబట్టి నేనే అమ్ముతాను.”

బుధవారం అరకు నుంచి ఒక లాడ్జీ ఆసామి వచ్చి, దోనె, తెడ్డు, ట్యూబు, చక్రం గాలం అన్నీ కలిపి సరిగ్గా మూడు రేకులకు తీసుకుపోయాడు. లాడ్జీ ముందు పెట్టి, మట్టి పోసి, బంతి మొక్కలు నాటాడు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. ఆదివారం ఆ డబ్బంతా గుడిలో కట్టేశాం. చేప కోసం దోనె కొన్నాను, ఆ చేపను కొనడానికి దోనె అమ్మాను. మధ్యలో మిగిలింది ఒక పూట పులుసు, అది కూడా ఉప్పు కొంచెం ఎక్కువైంది.

వానలకు ఏడు రేకులు పడక గది మీదికి ఎక్కాయి, వంటింటికి గడ్డి కప్పే. చినుకుల చప్పుడు వింటూ మా ఆయన హాయిగా నిద్రపోయేవాడు. అందుకు కూడా స్తోత్రం చెప్పుకున్నాను.

ఒట్టు పెట్టుకోకూడదని మా నాన్న నేర్పాడు కనుక, ఇది ఒట్టు కాదు, పూర్తి తెలివితో చేస్తున్న తీర్మానం అనుకోండి. నేను పట్టిన చేపను నేను ఈ జన్మలో కొనను. ఎంతైనా అనే మాట మా వదిన వినేటట్టు పలకను. వేలంపాటకు వెళ్ళే ముందు మా ఆయనా నేనూ ఒకరితో ఒకరం మాట్లాడుకుంటాం. ఇకముందు ఎప్పుడైనా చేప పడితే మొదటిది దేవునిదే, అందులో మార్పు లేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో బీరకాయ వండుకుని, స్తోత్రం చెప్పుకుని, నోరు మూసుకుని తింటాం.